మోకాలి కింది ఎముక విరిగితే: రాడ్డా, ప్లేటా, రింగులా? ఎలా తేల్చుకోవాలి

నేను ఎముకల వార్డులో ఫిజియోథెరపిస్టుని. రోగుల బంధువులు వరండాలో నన్ను ఆపి అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "రాడ్డు మంచిదా మేడం, ప్లేటు మంచిదా?" పక్కింటి అబ్బాయికి రాడ్డు వేశారు, వాడు నెలకే నడిచాడు. మా నాన్నకు ప్లేటు అంటున్నారు, అదీ పది రోజులు ఆగాలంటున్నారు. ఎందుకు? ఎక్కువ డబ్బు గుంజడానికా?

ఈ ప్రశ్నకు జవాబు లోహంలో దొరకదు. ఎముక ఎక్కడ విరిగింది, దాని మీద చర్మం ఎలా ఉంది అన్న రెండు విషయాల్లో ఉంది. అందులోనూ చర్మానిదే మొదటి మాట. కావాలంటే మీ చేతిని మోకాలి చిప్ప కింద పెట్టి, కాలి ముందు భాగం మీదుగా చీలమండ దాకా జార్చి చూడండి. దారి పొడుగునా ఎముక గట్టిగా తగులుతూనే ఉంటుంది. తొడ ఎముకకు చుట్టూ దుప్పటి కప్పినట్టు కండ ఉంది. టిబియా అనే ఈ ఎముకకు లోపలి వైపు చర్మం తప్ప ఇంకే రక్షణా లేదు. అందుకే ఇది విరిగితే తరచుగా చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. ఆపరేషన్ గాయం మానక తెరుచుకోవడం కూడా ఇక్కడే ఎక్కువ. పైగా ఎముక కిందికి పోయేకొద్దీ దానికి రక్తం అందడం తగ్గుతుంది, అతకడం ఆలస్యమవుతుంది. ఇక్కడ చెప్పే పద్ధతులన్నీ ఈ ఇబ్బంది చుట్టూ పుట్టినవే.

నిర్ణయం మీ సర్జన్‌ది. కానీ ఆయన చెప్పేది అర్థం చేసుకుని సరైన ప్రశ్న వేయడం మీ చేతిలో ఉంది. వరసగా చెబుతాను.

మొదటి రాత్రి: ముందు కాలిని కాపాడుకోండి

మోకాలు, చీలమండ రెండూ కదలకుండా చెక్కతోనో గట్టి అట్టతోనో ఊతమిచ్చి, వదులుగా కట్టి 108కు ఫోను చేయండి. ఎముక బయటికి కనిపిస్తుంటే లోపలికి నెట్టకండి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ వేయకండి. శుభ్రమైన తడిగుడ్డ కప్పితే చాలు. కప్పే ముందు గాయాన్ని ఫోనులో ఒక ఫోటో తీయండి. ఆసుపత్రిలో వచ్చిన ప్రతి డాక్టరూ కట్టు విప్పి చూడాల్సిన అవసరం ఆ ఫోటోతో తప్పుతుంది. విప్పిన ప్రతిసారీ గాయానికి క్రిములు చేరే అవకాశం పెరుగుతుందని గుర్తుంచుకోండి.

గాయం ఉన్న ఫ్రాక్చర్‌లో అన్నిటికంటే తొందరగా పడాల్సింది యాంటీబయాటిక్ ఇంజెక్షన్. వీలైతే గంటలోపే పడాలి. "యాంటీబయాటిక్ వేశారా, ధనుర్వాతం ఇంజెక్షన్ వేశారా?" అని అడగడానికి మొహమాటపడకండి. తర్వాత థియేటరులో గాయాన్ని కడిగి, చచ్చిన కండనూ మట్టినీ తీసేస్తారు. దీనికి ఖరీదైన ద్రావణాలేమీ అక్కర్లేదు. 2015లో వెలువడిన ఫ్లో అనే పెద్ద పరిశోధనలో 2,400 మందికి పైగా రోగుల గాయాలను కొందరికి మామూలు సెలైన్‌తో, కొందరికి సబ్బు ద్రావణంతో కడిగి చూశారు. సబ్బుతో కడిగినవాళ్లలోనే మళ్లీ ఆపరేషన్ అవసరం ఎక్కువ పడింది. నీటిని ఎంత ఒత్తిడితో చిమ్మారన్న దానివల్ల తేడా రాలేదు.

గాయం ఉన్నా లేకున్నా ఇంకొక ప్రమాదం ఉంది. ఇది ప్రతి ఇంట్లో తెలియాలి. పిక్క కండరాలు నాలుగు అరల్లో ఉంటాయి. ఆ అరల గోడలు సాగవు. లోపల రక్తం చేరి వాపు పెరిగితే ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందదు. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. ఒక తల్లి రాత్రి పూట నాతో అన్న మాట నాకింకా గుర్తుంది: "ఇంజెక్షన్ వేసిన అరగంటకే మళ్లీ ఏడుస్తున్నాడు మేడం, వాడు నొప్పికి ఏడ్చే పిల్లాడు కాదు." నేను కుర్రాడి బొటనవేలిని మెల్లగా పైకి ఎత్తాను. అంతే, కేక పెట్టాడు. పిక్క చెక్కలా బిగుసుకుపోయి ఉంది. అరగంటలో థియేటరుకు తీసుకెళ్లి అరలను కోసి తెరిచారు, కాలు దక్కింది.

కట్టు వేసి కదలకుండా ఉంచాక నొప్పి తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే, వేళ్లను ఇతరులు కదిపినప్పుడు భరించలేకపోతుంటే, తిమ్మిరి మొదలైతే తెల్లారేదాకా ఆగకండి. నర్సును లేపండి, డాక్టరును పిలిపించండి, ముందు కట్టు వదులు చేయమనండి. ఆరు గంటలు దాటితే చచ్చిన కండ తిరిగి రాదు. ఈ అనుమానం ఉన్నప్పుడు కాలిని దిండ్ల మీద ఎత్తుగా పెట్టకూడదు, గుండె మట్టంలోనే ఉంచాలి.

పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. నాటు కట్టు మీద మనవాళ్లకున్న నమ్మకాన్ని నేను తీసిపారేయను. కానీ ఎముక బయటికి కనిపించినా, ముక్కలు పక్కకు జరిగినా, కీలు దాకా చీలినా ఆ దారి పట్టవద్దు. ఎక్కడ ఎవరు కట్టినా, కట్టు కింద వేళ్లు నల్లబడినా, చల్లబడినా ఆ క్షణమే విప్పించాలి.

ఎక్స్‌రే చూడటం నేర్చుకోండి

ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకోండి. ఫోనులో ఉంటే పెద్దది చేసి చూడండి. ముందుగా చూడాల్సింది, పైన మోకాలు, కింద చీలమండ రెండూ కనిపిస్తున్నాయా అని. కనిపించకపోతే ఆ ఎక్స్‌రే సగమే చెబుతోంది. తర్వాత ఎముకను మనసులోనే మూడు సమభాగాలు చేయండి. విరిగింది పై భాగంలోనా, మధ్యలోనా, కింది భాగంలోనా? చీలిక కీలులోకి పోయిందా? ఎన్ని ముక్కలు? పక్కనున్న సన్న ఎముక, ఫిబులా, విరిగిందా?

ఎముక కింది భాగంలో మెలి తిరిగినట్టు ఏటవాలుగా విరిగితే ఒక మోసం ఉంటుంది. చాలాసార్లు చీలమండ వెనక భాగంలో కూడా సన్నటి పగులు ఉండి, మామూలు ఎక్స్‌రేలో కనిపించదు. అలాంటప్పుడు "చీలమండకు సీటీ తీయాలా సార్?" అని అడగండి. రాడ్డు వేసేటప్పుడు ఆ పగులు తెరుచుకుంటే పని రెట్టింపవుతుంది.

తర్వాత చర్మం

ఒక పెద్దాయన ట్రాక్టరు మీద నుంచి పడ్డారు. చీలమండకు కాస్త పైన ఎముక నాలుగు ముక్కలైంది, చీలిక కీలులోకి పోయింది. మొదటి రోజే కాలికి బయటి నుంచి రాడ్లు బిగించి పడుకోబెట్టారు. రోజులు గడుస్తున్నకొద్దీ కొడుకులకు ఓపిక నశించింది. ఆరో రోజు సర్జన్ వచ్చి వాళ్లను దగ్గరికి పిలిచారు. కాలి మీద చర్మం నూనె రాసినట్టు మెరుస్తోంది, రెండు నీటిపొక్కులు ఉన్నాయి. "ఇప్పుడు నేను కోస్తే కుట్టడానికి చర్మం కలవదు" అన్నారు. పదకొండో రోజు మళ్లీ వచ్చి చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా దగ్గరికి నొక్కారు. ఎండిన చెరువు అడుగులా సన్నటి ముడతలు పడ్డాయి. "రేపు చేద్దాం" అన్నారు. ఆ ముడతల కోసమే అన్ని రోజులు ఆగింది. గాయం పక్కాగా మానింది.

కాబట్టి ఆలస్యం చేస్తున్నారంటే నిర్లక్ష్యం అనుకోకండి, తొందరగా చేశారంటే గొప్ప అనుకోకండి. చర్మం మెరుస్తోందా, ముడత పడుతోందా అని మీరే రోజూ చూడండి.

గాయం ఉంటే డాక్టర్లు దాన్ని గస్టిలో వర్గీకరణ ప్రకారం చెబుతారు. ఒకటో రకంలో గాయం సెంటీమీటరు కంటే చిన్నది, శుభ్రమైనది. మూడో రకంలో కండా చర్మమూ బాగా దెబ్బతింటాయి. 'మూడు-బి' అంటే ఎముకను కప్పడానికి వేరే చోటి నుంచి కండ తెచ్చి వేయాలి, అంటే ప్లాస్టిక్ సర్జన్ కావాలి. 'మూడు-సి' అంటే రక్తనాళం తెగింది, కలపకపోతే కాలు నిలవదు. మీ కేసు పేపరులో ఈ మాటలు కనిపిస్తే, "ఈ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్ ఉన్నారా?" అనేది ఇంప్లాంటు గురించి అడిగేముందే అడగాల్సిన ప్రశ్న. లేకపోతే మొదటి రోజే పెద్ద ఆసుపత్రికి మారండి. పదో రోజు చీముతో మారడం కంటే అది ఎంతో మేలు.

ఇప్పుడు పద్ధతులను పోల్చండి

పిండికట్టు ఇంకా బతికే ఉంది. ఎముక పక్కకు జరగకుండా, పొట్టి కాకుండా, చర్మం చెక్కుచెదరకుండా ఉంటే ఆపరేషన్ లేకుండానే అతుకుతుంది. తొడ దాకా కట్టు వేసి కొన్ని వారాల తర్వాత మోకాలి కింది దాకా తగ్గించి నడిపించే పద్ధతిని అగస్టో సర్మియెంటో 1960లలో ప్రచారంలోకి తెచ్చారు. పిల్లల్లో చాలా ఫ్రాక్చర్లకు ఇప్పటికీ ఇదే చాలు. వాళ్ల ఎముక చివర పెరిగే పొర ఉంటుంది కనుక పెద్దవాళ్ల రాడ్డు వాళ్లకు పనికిరాదు, అవసరమైతే సన్నటి సాగే కడ్డీలు వేస్తారు. పెద్దవాళ్లకు కట్టుతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, నెలల తరబడి చీలమండ బిగుసుకుపోతుంది, ప్రతి రెండు వారాలకూ ఎక్స్‌రేలో ఎముక జరిగిందేమో చూసుకోవాలి. ఆ ఓపిక లేకపోతే వంకరగా అతుకుతుంది.

ఎముక నడిమి భాగం విరిగితే నా మొగ్గు, దాదాపు అందరు సర్జన్ల మొగ్గు రాడ్డుకే. ఎముక మధ్యలో మూలుగ ఉండే బోలులోకి పై నుంచి కడ్డీ దింపి, పైనా కిందా అడ్డంగా స్క్రూలు బిగిస్తారు. విరిగిన చోట కోయరు. చర్మం అలాగే ఉంటుంది, విరిగిన చోట చేరిన రక్తం అక్కడే గడ్డకట్టి ఎముక అతకడానికి పనికొస్తుంది. కడ్డీ ఎముక నడుమ ఉంటుంది కాబట్టి బరువును ఎముకతో పంచుకుంటుంది. అందుకే రాడ్డు వేసినవాళ్లు త్వరగా కాలు మోపగలుగుతారు. 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంట్‌షర్ తొడ ఎముకలో మొదటి కడ్డీ దింపినప్పటి నుంచి ఈ సూత్రం మారలేదు.

రాడ్డు దింపే ముందు ఎముక బోలును తొలిచి వెడల్పు చేయడాన్ని రీమింగ్ అంటారు. తొలవకుండా సన్నటి రాడ్డు వేయాలా, తొలిచి లావుది వేయాలా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2008లో వెలువడిన స్ప్రింట్ పరిశోధనలో 1,226 మందిని చూశారు. గాయం లేని ఫ్రాక్చర్లలో తొలిచి వేసినవాళ్లకు కొంత మేలు కనిపించింది, గాయం ఉన్నవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. ఆ పరిశోధనలో నాకు ఎక్కువ నచ్చిన సంగతి వేరే ఉంది, దాన్ని చివర్లో చెబుతాను.

రాడ్డు లోపలికి పోయే దారులు రెండు. మోకాలిని బాగా మడిచి, చిప్ప కింద కోసి, చిప్పను కాలి ఎముకకు కలిపే పట్టీ (టెండాన్) పక్క నుంచో మధ్య నుంచో దింపడం పాత దారి. కాలును దాదాపు చాపి ఉంచి, చిప్పకు పైన చిన్న కోత పెట్టి, చిప్ప వెనక నుంచి ఒక గొట్టం ద్వారా దింపడం కొత్త దారి. మధ్య భాగం విరిగితే రెండూ పనిచేస్తాయి. పై భాగం విరిగినప్పుడు మాత్రం తేడా ఉంది. మోకాలు మడవగానే తొడ కండరం పై ముక్కను ముందుకు లాగుతుంది, ఎముక విల్లులా వంగి అతికే ప్రమాదం ఉంది. కాలు చాపి ఉంచితే ఆ లాగుడు ఉండదు. చీలమండ దగ్గర విరిగినప్పుడు కూడా చాపిన కాలికి సి-ఆర్మ్‌తో, అంటే థియేటరులో వాడే ఎక్స్‌రే యంత్రంతో, చూడటం సులువు. అయితే ఈ కొత్త దారిలో పరికరాలు కీలు మృదులాస్థి పక్క నుంచే పోతాయి. దాన్ని కాపాడే గొట్టం, ప్రత్యేక పరికరాలు, అలవాటైన చెయ్యి మూడూ ఉండాలి. లేనిచోట పట్టుబట్టకండి. పాత దారిలో చేయి తిరిగిన సర్జన్ చేతి పనే మేలు.

రాడ్డు వేసుకున్నవాళ్లలో చాలామందికి మోకాలి ముందు నొప్పి మిగులుతుంది. ఇది ముందే తెలిస్తే తర్వాత బెంగపడరు. కొత్త దారిలో ఈ నొప్పి తక్కువని కొన్ని పరిశోధనలు, పెద్ద తేడా లేదని కొన్ని చెబుతున్నాయి. కుర్చీలో కూర్చుని పనిచేసేవారికి ఇది పెద్ద సమస్య కాదు. టైల్స్ పరిచే మేస్త్రీకి, నాట్లు వేసే మనిషికి, రోజూ నమాజు చేసేవారికి మోకాలి మీద ఆనడమే జీవితం. మీ పని ఏమిటో సర్జన్‌కు చెప్పండి. ఎక్స్‌రేలో అది కనిపించదు.

ఎముక పక్కన ఆనించి స్క్రూలతో బిగించే లోహపు పట్టీ ప్లేటు. దాని స్థానం వేరు. చీలిక మోకాలి కీలులోకో, చీలమండ కీలులోకో పోయిందంటే రాడ్డు మాట దాదాపు మరిచిపోవచ్చు. కీలు ఉపరితలం అద్దంలా సమంగా కుదరాలి. అది ప్లేటూ స్క్రూలతోనే సాధ్యం. ఇప్పుడు పొడుగ్గా కోయకుండా, రెండు చివర్లా చిన్న కోతలు పెట్టి ప్లేటును చర్మం కింద నుంచి జార్చి బిగించే పద్ధతి వచ్చింది. అయినా చీలమండ లోపలి వైపు ప్లేటు చర్మానికి ఆనుకునే ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్లకు చేతికి తగులుతుంది, చలికాలంలో సలుపుతుంది, చర్మం బాగాలేకపోతే గాయం తెరుచుకుని ప్లేటు బయటపడుతుంది. షుగరు ఉన్నవాళ్లలో, పొగతాగేవాళ్లలో ఈ భయం ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు కీలుకు కాస్త పైన, కీలులోకి పోకుండా విరిగినప్పుడు వస్తుంది. అక్కడ రాడ్డూ వేయవచ్చు, ప్లేటూ వేయవచ్చు. ఇద్దరు సర్జన్లను అడిగితే రెండు జవాబులు వస్తాయి, ఇద్దరూ నిజాయితీపరులే. 2017లో బ్రిటన్‌లో 321 మందితో చేసిన ఫిక్స్‌డీటీ పరిశోధన సరిగ్గా ఈ ప్రశ్ననే పట్టుకుంది. మూడు నెలలకు రాడ్డు వేసుకున్నవాళ్లు కొంత ముందున్నారు. ఆరు నెలలకు చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు దీని నుంచి అర్థమైంది ఇదీ: త్వరగా పనిలోకి వెళ్లక తప్పని మనిషికి, చర్మం బలహీనంగా ఉన్న మనిషికి రాడ్డు వైపు మొగ్గాలి. కింది ముక్క మరీ చిన్నదై రాడ్డు స్క్రూలకు పట్టు దొరకకపోతే ప్లేటే దారి. ఈ రెండూ కాకపోతే మీ సర్జన్ ఏది ఎక్కువగా చేస్తారో అదే చేయించుకోండి.

ఇక బయటి రాడ్లు. చర్మం గుండా ఎముకలోకి పిన్నులు దింపి, బయట కడ్డీలతో బిగించే ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ చాలామందికి తాత్కాలికమే. గాయం శుభ్రపడేదాకా, వాపు తగ్గేదాకా ఎముకను నిలబెడుతుంది. రెండు వారాల లోపు రాడ్డుకో ప్లేటుకో మార్చగలిగితే మంచిది, ఆలస్యమైతే పిన్నుల రంధ్రాల క్రిములు లోపలి లోహానికి పాకే ప్రమాదం పెరుగుతుంది. గాయం ఉన్న ప్రతి ఫ్రాక్చర్‌కూ బయటి రాడ్లే శాశ్వత వైద్యం అనే పాత అలవాటు ఇప్పుడు మారుతోంది. టాంజానియాలో చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో గాయం ఉన్న ఫ్రాక్చర్లకు మొదటే రాడ్డు వేసినవాళ్లనూ బయటి రాడ్లు వేసినవాళ్లనూ పోల్చారు. ఏడాదిలో మళ్లీ ఆపరేషన్ అవసరం పడటంలో స్పష్టమైన తేడా రాలేదు, ఎముక నిటారుగా అతకడంలో మాత్రం రాడ్డుదే పైచేయి.

ఎముక ముక్క పోయినా, చీము పట్టినా, ఏళ్ల తరబడి అతకకపోయినా, కాలి చుట్టూ తొడిగి సన్నటి తీగలతో ఎముకకు బిగించే రింగులు గుర్తుకు రావాలి. సైబీరియాలోని కుర్గాన్‌లో గవ్రీల్ ఇలిజరోవ్ 1950ల నుంచి ఈ పద్ధతిని మెరుగుపరిచారు. బయటి ప్రపంచానికి తెలిసింది ఒక కాలి ఎముక వల్లే. ఇటలీకి చెందిన పర్వతారోహకుడు కార్లో మౌరికి విరిగిన టిబియా ఎన్నో ఏళ్లు సరిగా కుదరలేదు. 1980లో ఆయన కుర్గాన్ వెళ్లి బాగుపడి వచ్చారు. ఆ కాలును చూసిన ఇటలీ వైద్యులు ఇలిజరోవ్‌ను పిలిపించుకున్నారు. ఎముకను ఒకచోట కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున మరలు తిప్పుతూ ఎడం చేస్తే మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. నెలల పని. ప్రతి సెంటీమీటరుకూ నెలకు పైగా రింగులు మోయాలి. నిద్రలో దుప్పటికి తగులుతాయి, ప్యాంటు పట్టదు, లుంగీతో గడపాలి. అయినా కాలు తీసేయాలన్న స్థితి నుంచి రింగులతో నడిచి వెళ్లినవాళ్లను నేను చూశాను. ఎవరైనా "ఇక తీసేయడమే" అంటే, రింగుల పని తెలిసిన సర్జన్‌ను ఒక్కసారి కలవకుండా ఒప్పుకోకండి. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం వేరు, అప్పుడు ఆలస్యం చేయకూడదు.

సర్జన్‌ను ఇలా అడగండి

వార్డు రౌండ్లో ఆయనకు దొరికేది రెండు నిమిషాలు. ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. విరిగింది ఏ భాగంలో, కీలులోకి పోయిందా? చర్మం ఇప్పుడు కోతకు సిద్ధంగా ఉందా? మీరు ఈ పద్ధతి ఎంచుకోవడానికి కారణం ఏమిటి, రెండో దారి ఏది, అది ఎందుకు వద్దు? ఎప్పుడు కాలు మోపవచ్చు? మళ్లీ ఆపరేషన్ పడే అవకాశం ఉందా? మీరు రోగి గురించి చెప్పాల్సినవీ ఉన్నాయి: షుగరు, బీడీ, సిగరెట్టు, గుట్కా, రక్తం పలచబరిచే మాత్రలు, చేసే పని, ఇంటి మెట్లు. "రెండో దారి ఎందుకు వద్దు" అన్న ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే, ఆయన ఏది వేసినా నిశ్చింతగా ఉండండి.

డబ్బు సంగతి

స్టీలు, టైటానియం అని రెండు రకాలు చెబుతారు. మామూలు ఫ్రాక్చర్‌కు స్టీలు రాడ్డుతో ఎముక బాగానే అతుకుతుంది. కేవలం ఆ పేరు కోసం అప్పు చేయకండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తాయేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి కనుక్కోండి. రోడ్డు ప్రమాదమైతే 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులకు రూ. 1.5 లక్షల దాకా వర్తిస్తుంది. పోలీసులకు తెలియజేయడం మరవకండి.

ఆపరేషన్ తర్వాత

మత్తు దిగిన రోజు నుంచే వేళ్లు, చీలమండ కదపాలి. ఈ ఒక్క మాట కోసం నేను రోజూ ఎంతమందితో పోట్లాడతానో! కాలును పసిబిడ్డలా కదలకుండా పెట్టడం ప్రేమ అనుకుంటారు. పాదం ముందు భాగం కిందికి వాలి బిగుసుకుపోతే ఎముక అతికినా నడక కుదరదు. గంటకు పదిసార్లు పాదాన్ని మీవైపు లాగండి, మోకాలిని మంచం అంచున వేలాడదీసి మడవండి. మధ్య భాగంలో రాడ్డు వేసినవాళ్లలో చాలామందిని వాకరుతో కొద్ది రోజుల్లోనే కొంత బరువు మోపమంటారు. కీలులో ప్లేటు వేసినవాళ్లు పది, పన్నెండు వారాలు మోపకూడదు. పక్క మంచం మనిషిని చూసి పోటీ పడకండి.

బయటి పిన్నుల చుట్టూ రోజూ మరిగించి చల్లార్చిన నీటితోనో సెలైన్‌తోనో తుడవాలి. ఒక్కో పిన్నుకూ ఒక్కో కొత్త గాజుగుడ్డ. కాస్త తేమ మామూలే. ఎర్రబడి, వేడిగా, చీముగా మారితే ఆ రోజే చూపించండి. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా క్షణం ఆగకండి, అది రక్తం గడ్డ కావచ్చు.

తిండి గురించి గట్టిగా చెప్పాలి. "పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు" అని పత్యం పేరుతో కారప్పొడీ అన్నం మాత్రమే పెడుతున్న ఇళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. చీము క్రిముల వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. మానుతున్న ఎముకకు, చర్మానికి మాంసకృత్తులు కావాలి: గుడ్లు, పాలు, పెరుగు, పప్పు, చేప, మాంసం ఏది వీలైతే అది. ఎముకల పులుసు తాగండి, తప్పులేదు, కానీ దాంట్లోని ముక్క కూడా తినండి. బీడీ, సిగరెట్టు మానకపోతే ఎముక అతకడం ఆలస్యమవుతుంది. దీనిలో రాజీ లేదు.

గాయం లేని ఫ్రాక్చర్ అతకడానికి సుమారు నాలుగైదు నెలలు పడుతుంది, గాయం ఉంటే ఇంకా ఎక్కువ. మూడో నెల ఎక్స్‌రేలో గీత ఇంకా కనిపిస్తోందని గాభరా పడి ఊరంతా తిరిగి మళ్లీ ఆపరేషన్ చేయించుకునేవారు ఉన్నారు. ఇందాక ఆపిన మాట ఇక్కడ చెబుతాను. స్ప్రింట్ పరిశోధనలో ఆరు నెలల లోపు మళ్లీ ఆపరేషన్‌కు తొందరపడవద్దని సర్జన్లకు ముందే చెప్పారు. ఆగినవాళ్లలో చాలామందికి మరో కోత లేకుండానే ఎముక అతికింది. చీము లేకపోతే, రాడ్డు విరగకపోతే, నెలనెలా కొంచెమైనా కొత్త ఎముక కనిపిస్తుంటే ఆగండి. తొమ్మిది నెలలు దాటి, చివరి మూడు నెలల్లో ఏ మార్పూ లేకపోతే అప్పుడు అది అతకని ఎముక కింద లెక్క. లావు రాడ్డుకు మార్చడం, తుంటి ఎముక నుంచి పొడి తీసి పెట్టడం, రింగులు వేయడం వంటి దారులు అప్పుడు ఆలోచిస్తారు.

లోహాన్ని తర్వాత తీయాల్సిందేనా అని అందరూ అడుగుతారు. ఇబ్బంది లేకపోతే పెద్దవాళ్లలో తీయక్కర్లేదు. స్క్రూ తల చర్మానికి గుచ్చుకుంటున్నా, మోకాలి నొప్పి వేధిస్తున్నా ఎముక పూర్తిగా అతికాక, ఏడాదిన్నర ప్రాంతంలో తీయించుకోవచ్చు. దాని కోసం ఇప్పుడే ఒక పని చేయండి. థియేటరులో వాడిన రాడ్డు, ప్లేటు, స్క్రూల పెట్టెల మీద చిన్న స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ పేరు, సైజు, బ్యాచి నంబరు వాటి మీదే ఉంటాయి. వాటిని డిశ్చార్జి కాగితం వెనక అంటించమని నర్సును అడిగి, ఫోటో తీసి దాచండి. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో రకం మర ఉంటుంది, రాడ్డును బయటికి లాగే కడ్డీ కూడా వేరు. ఆ స్టిక్కరు లేక, ఏ పరికరం పడుతుందో తెలియక, థియేటరు బల్ల మీద ఒక చెల్లెమ్మ రెండు గంటలు అదనంగా పడుకుని ఉండటం నేను చూశాను.